ఎర్రగడ్డ, ఇరమ్ తోట, పుదీనా కొమ్మ

రాయలసీమ మిత్రులకు మా పేట పేరు చెబితే ముందు నవ్వుతారు. కడప, చిత్తూరు వైపు ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. తక్కిన తెలుగువారికేమో, మన సినిమాల పుణ్యమా అని, ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి. 1953లో ఆ వైద్యాలయం ఇక్కడికి తరలివచ్చింది మొదలు ఈ పేరు హాస్యనటుల పాలబడింది. ఈ రెండు అర్థాలకూ ముందున్న మూడో అర్థం ఒకటుంది. గడ్డ అంటే నేల. కాస్త మెరకగా ఉన్న నేల. ఎర్రమట్టి మెరక కనుక ఎర్రగడ్డ. ఈ వ్యాసం ఆ మట్టిని గురించీ, దానిమీద ఎవరెవరు ఏమేమి పెంచారన్నదాన్ని గురించీ. వేసవిలో నాలుగు ఆకుమొక్కలను బ్రతికించుకోవడానికి పాట్లు పడే ఒక చిన్న బృందంలో నేనూ ఒకణ్ణి కనుక చివరకు విషయం అక్కడికే వస్తుంది. ముందు కొంచెం చరిత్ర.

చాలామందికి తెలియని సంగతి, ఈ పేరు ఒకప్పుడు రెండు చోట్ల ఉండేది. ఒకటి సనత్‌నగర్ ప్రక్కనున్న నేటి ఎర్రగడ్డ. రెండోది పంజగుట్టకూ ఖైరతాబాదుకూ నడుమనున్న గుట్ట. దాన్నీ అక్కడి తెలుగువాళ్ళు ఎర్రగడ్డ అనే పిలిచేవారట. నిజాం ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసిన నవాబు ఫక్రుల్ ముల్క్ ఆ గుట్టమీద నూట యాభైకి పైగా గదులున్న మహలు కట్టించాడు. దానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ఆయన ఒక చమత్కారం చేశాడంటారు. ఊరివాళ్ళ నోట నలిగిన 'ఎర్ర'ను కాదనకుండా, పారసీకంలో దానికి దగ్గరగా వినిపించే 'ఇరమ్' అన్న మాటను ఎన్నుకున్నాడు. దర్బారువారికది ఇరమ్ మంజిల్, తెలుగువారికి ఎర్రమంజిల్. రెండు భాషలకూ ఒకే మాటలో మర్యాద దక్కింది. పేర్లు మార్చడమే పనిగా పెట్టుకున్న ఈ కాలంలో ఆ నవాబు తెలివి నాకు ముచ్చటగా తోస్తుంది.

అయితే ఇరమ్ అంటే ఊరికే స్వర్గమని చెప్పి ఊరుకుంటే సరిపోదు. అది ఒక తోట పేరు. ఖురానులో స్తంభాలు గల ఇరమ్ ప్రస్తావన వస్తుంది. తరువాతి కథలలో షద్దాద్ అనే రాజు స్వర్గాన్ని తలదన్నే ఉద్యానాన్ని భూమిమీదే నిర్మించాలని బయలుదేరి, అంతా సిద్ధమయ్యాక గుమ్మం దాటకుండానే మరణిస్తాడు. ఇరాన్‌లోని షీరాజ్ నగరంలో ఆ పేరుతో నేటికీ ఒక తోట ఉంది. 2011లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంటే మన ఎర్రమట్టి దిబ్బ ఒకటి, ఒక నవాబుగారి శ్లేష వల్ల, అరబ్బుల పురాణపు తోటతో వియ్యమందింది.

ఆయనకే నేటి ఎర్రగడ్డలో ఇరమ్ నుమా అని మరో భవనం ఉండేది. అదే తరువాత క్షయరోగులకు ఆశ్రయమై, ఛాతీ ఆసుపత్రి అయింది. ఇరమ్ మంజిల్ ప్రభుత్వం చేతికి వచ్చి, ఇంజనీర్ల కార్యాలయంగా మారి, ఫైళ్ళ క్రింద చాలాకాలం గడిపింది. 2015లో సచివాలయాన్ని ఛాతీ ఆసుపత్రి ఆవరణలోకి తెస్తామన్నారు, విరమించుకున్నారు. 2019లో ఇరమ్ మంజిల్‌ను పడగొట్టి శాసనసభ కడతామన్నారు. హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఇప్పుడు ఎర్రగడ్డలో మెట్రో రైలెక్కితే ఐదో స్టేషను ఎర్రమంజిల్. ఆ పదిపన్నెండు నిమిషాల ప్రయాణంలో కిటికీలోంచి చూస్తే కోచింగు సెంటర్ల బోర్డులు, హాస్టళ్ళ నీళ్ళ ట్యాంకులు తప్ప తోట అన్నది కనిపించదు. అయితే రైలు వంతెన మీద ఎత్తుగా పోతుంది కనుక మేడల పైకప్పులు కనిపిస్తాయి. వాటిమీద అక్కడక్కడా ఆకుపచ్చ షేడ్‌నెట్టు, దాని క్రింద డబ్బాలు, కుండీలు.

పైకప్పు మీద తోట అనగానే ఇదేదో ఈ మధ్య పుట్టిన సరదా అనుకుంటాం. పదిహేడో శతాబ్దం మధ్యలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే హైదరాబాదు రాజప్రాసాదాన్ని వర్ణిస్తూ, కప్పుల మీద తోటలున్నాయనీ, వాటిలో పెరిగిన చెట్లు ఎంత పెద్దవంటే క్రింది కమానులు ఆ బరువును ఎలా మోస్తున్నాయో అంతుబట్టడం లేదనీ వ్రాసుకున్నాడు. ఆయన ఈ నగరం పేరును కూడా తోటలతోనే ముడిపెట్టాడు. అసలు పేరు ఏమిటన్న తగవు చరిత్రకారులలో ఇంకా తెగలేదు కనుక అందులోకి దిగను. నన్ను ఆకర్షించినది ఆయన ఆశ్చర్యం. మూడున్నర శతాబ్దాల తరువాత మా అపార్టుమెంటులో లేచిన రగడ కూడా సరిగ్గా అదే ప్రశ్న మీద: ఈ బరువు కప్పు మోస్తుందా? ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

మొక్కల మీద మక్కువ గలవారు సంఘంగా కూడడం మనకు కొంత ఇంగ్లీషువారి నుంచి వచ్చిన అలవాటు. 1820లో విలియం కేరీ కలకత్తాలో వ్యవసాయ ఉద్యాన సంఘాన్ని స్థాపించాడు. 1835లో మద్రాసులో అటువంటిదే ఏర్పడింది. ఈ సంఘాల ధోరణిలో వచ్చినవే పూల ప్రదర్శనలు, కప్పులు, మొదటి బహుమతి గులాబీలు. వాటి మేలు కాదనను. దేశానికి ఎన్నో కొత్త మొక్కలు ఆ దారినే వచ్చాయి. కానీ ప్రదర్శన అనగానే కంటికి ఇంపైన మొక్కదే రాజ్యం. పుదీనాకు బహుమతి ఇచ్చిన ప్రదర్శనను నేనింతవరకు చూడలేదు.

హైదరాబాదులో ఆకుకూరల వైపు గాలి మళ్ళింది 2010ల తొలి ఏళ్ళలో. ఉద్యానశాఖ నగరవాసులకు సగం రాయితీ మీద సిల్పాలిన్ మళ్ళు, విత్తనాలు, వేపపిండి ఇచ్చింది. 'సాక్షి' పత్రికలో 'ఇంటిపంట' శీర్షిక మొదలై, దాని చుట్టూ పాఠకుల బృందాలు కూడాయి. మందులు కొట్టిన కూరలు తినడమెందుకన్న భయం కొందరిని, పల్లె మీద బెంగ మరికొందరిని మేడమీదికి తెచ్చింది. మా బృందం అంతటి ఘనమైనది కాదు. పేరు లేదు, రిజిస్ట్రేషను లేదు, చందా లేదు. పధ్నాలుగు ఇళ్ళు. ఆదివారం ప్రొద్దున ఆరున్నరకు ఎవరో ఒకరి మేడమీద కలుస్తాం; ఎండ ముదిరేలోగా దిగిపోతాం. ఎవరూ ఎవరికీ ఉపన్యాసం ఇవ్వరాదన్నదొక్కటే నియమం. దాన్ని విశ్రాంత ఉపాధ్యాయులొకరు వారం వారం ఉల్లంఘిస్తూనే ఉంటారు.

ఈ పేటకు మొదటినుంచీ ఆకులతో బంధుత్వముంది. ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి దగ్గర బూర్గుల రామకృష్ణారావు గారి పేరిట ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. ఆ చుట్టుప్రక్కలే కేంద్ర ప్రభుత్వపు యునానీ పరిశోధనాలయం. బొల్లి మచ్చలకు వైద్యం కోసం దూరప్రాంతాల నుంచి అక్కడికి వస్తారు. ఆ వైద్యంలో ముఖ్యమైనది మన బావంచాలు. మందు వాడి ఎండ తగలనివ్వాలి. బావంచి గింజలో ఉండే సొరాలిన్ అనే పదార్థం సూర్యరశ్మితో కలిసి చర్మం మీద పనిచేస్తుందని ఆధునిక శాస్త్రం కూడా ఒప్పుకుంది. తెలుగులో మూలికల సంగతి కావలసినవారు యెర్ర వెంకటస్వామి గారి 'వస్తుగుణ దీపిక'ను ఇప్పటికీ తిరగేస్తారు. (ఎర్ర అన్న మాట ఈ వ్యాసాన్ని వదిలేటట్టు లేదు.)

ఇంతమంది వైద్యుల నడుమ ఉండడం వల్ల ఒకే ఆకుకు రెండు మూడు పేర్లు వినడం మాకు అలవాటు. గంగవాయిలి కూరనే తీసుకోండి. కోస్తావారు గంగపావిలి అంటారు. యునానీవారికి అది ఖుర్ఫా. పాతబస్తీ కూరగాయల బండి మీద కుల్ఫా. కొత్తిమీర 'కుస్తుంబురు' అన్న సంస్కృతపదానికి చుట్టమంటారు. పుదీనా మాత్రం పారసీకం నుంచి వచ్చి, పేరు మార్చుకోకుండానే మన పచ్చడిలో కలిసిపోయింది. సబ్జా గింజల మొక్కకు మంచి తెలుగు పేరు, రుద్రజడ, ఉండగానే మరచిపోయాం. ఇటలీవారు పిజ్జా మీద వేసుకునే ఆకు కూడా ఆ జాతిదే. మా బృందంలో ఒక అమ్మాయి దాన్ని విదేశీ విత్తనాల దుకాణంలో ఖరీదు పెట్టి కొన్నది. క్రింది అంతస్తు పెద్దావిడ పదిరూపాయల సబ్జా గింజలు మట్టిలో చల్లి, అటువంటి మొక్కనే మొలిపించింది. ఆకు కొంచెం చిన్నది, వాసన కొంచెం ఘాటు, అంతే తేడా. వామాకుకు వ్యతిరేక దిశలో ఒక పొరపాటు జరిగింది. బజ్జీలు వేసుకునే ఆ దళసరి ఆకు వాము మొక్కది కానే కాదు. వాసన కలిసింది కనుక పేరు అంటుకుంది. ఆఫ్రికా ఖండం నుంచి ఎప్పుడో వచ్చి, మన పెరటి మొక్కై కూర్చుంది.

ఇక వేసవి. ఇక్కడికి ఆనుకునే ఉన్న బేగంపేట వాతావరణ కేంద్రంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. పంచాంగం ప్రకారం అది రోహిణి కార్తె. రోళ్ళు పగిలే కార్తె అని పెద్దలు ఊరికే అనలేదు. నేలమీది మొక్కకు వేళ్ళు లోతుకు పోయే వీలుంటుంది. మేడమీది కుండీకి పైనుంచి ఎండ, క్రిందనుంచి స్లాబు సెగ, ప్రక్కనుంచి పిట్టగోడ వేడి. ఒక్కరోజు నీరు తప్పితే పుదీనా సాయంత్రానికి తల వాల్చేస్తుంది.

మేము నేర్చుకున్నదాంట్లో సగం, ఏది పెంచకూడదన్నది. మార్చి దాటితే కొత్తిమీర మొండికేస్తుంది. మట్టి వేడెక్కితే గింజ సరిగా మొలవదు. మొలిచినా నాలుగాకులు వేసి పూతకు వస్తుంది. ధనియం ఒక్కదానిలో రెండు విత్తనాలుంటాయి కనుక చెప్పుతోనో, అప్పడాల కర్రతోనో నలిపి బద్దలు చేసి చల్లాలి. పలచని నీడలో, పది రోజులకొకసారి కొంచెం కొంచెంగా చల్లి, నెల తిరగకుండానే లేతగా కోసుకోవడం ఒక్కటే దారి. పంట తగ్గి ధర కొండెక్కేది కూడా అప్పుడే. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాక ఎర్రగడ్డ రైతుబజారు నగరంలో పేరున్నవాటిలో ఒకటైంది. మే నెలలో అక్కడి కొత్తిమీర కట్ట ధర చూస్తే మా కుండీల మీద గౌరవం పెరుగుతుంది.

పుదీనాకు ప్రొద్దుటెండ చాలు, పది గంటల తరువాత నీడ కావాలి. లోతైన కుండీ వద్దు, వెడల్పాటి తొట్టి కావాలి. రోహిణికి ముందే కత్తిరించి పొట్టిగా చేసి, పైన ఎండుటాకులు పరచాలి. నీళ్ళ సంగతిలో ఒక హెచ్చరిక: మంచినీటి యంత్రం వదిలేసే నీటిని పారబోయడం ఇష్టంలేక చాలామంది కుండీలకు పోస్తారు. ఆ నీటిలో లవణాలెక్కువ. కొన్నాళ్ళకు మట్టిమీద తెల్లటి పొర కట్టి, ఆకు కొసలు మాడిపోతాయి. దానికంటె బియ్యం కడిగిన నీళ్ళు ఎంతో నయం. కరివేపాకుకు పుల్లమజ్జిగ పోయడం మన పెద్దల పద్ధతి, మేమూ పోస్తాం. మరువం, దవనం చైత్రంలో దేవుడి దగ్గరకు చేరేదాకా బాగానే ఉంటాయి. ఆపైన వాటిని నిలపడం మావల్ల కాలేదు. కడియం నర్సరీల నుంచి లారీల మీద వచ్చే మొక్కల వేళ్ళచుట్టూ గోదావరి ఒండ్రు ముద్ద ఉంటుంది. అది ఇక్కడి ఎండకు ఇటుకలా బిగుసుకుపోతుంది. తొట్టిలో పెట్టేముందు నీటిలో నానబెట్టి సగం కడిగేయాలి.

ఎవరూ బ్రతిమాలనక్కరలేనిది గంగవాయిలి. స్లాబు పగుళ్ళలో, ట్యాంకు ప్రక్కన, తనంతట తాను వస్తుంది. ఎండాకాలపు పులుపు పప్పుకు దానికి మించినది లేదు. మొదటి ఏడు దాన్ని కలుపు మొక్కని పీకేసినవారు ఇప్పుడు దానికోసం వంతులు వేసుకుంటున్నారు. తీగబచ్చలి, గోంగూర (ఇక్కడివారి పుంటికూర) కూడా ఆ కోవలోవే.

కానీ వేసవిలో మొక్కలకు ఎండకంటె పెద్ద గండం మన ప్రయాణాలు. పరీక్షలు ముగియగానే ఇళ్ళకు తాళాలు పడతాయి. పది రోజులు ఊరికి వెళ్ళివస్తే ఏడాది కష్టం బూడిద. నిజం చెప్పాలంటే మా బృందం పుట్టింది మూలికల మీద ప్రేమతో కాదు, తాళంచెవులు ఒకరి దగ్గర ఒకరు పెట్టుకోవడానికి. ఏప్రిల్ మొదటి ఆదివారం ఒక కాగితం మీద పధ్నాలుగు ఇళ్ళు, పది వారాలు గళ్ళు గీసి, ఎవరు ఎప్పుడు ఊళ్ళో ఉంటారో వ్రాసుకుంటాం. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి కనుక ఎవరింటికి ఏ డ్రమ్ము నుంచి తోడాలో కూడా అందులోనే ఉంటుంది. పదేళ్ళు ఎదురెదురు తలుపుల్లో ఉండి పలకరించుకోని రెండు కుటుంబాలు ఒకరి తులసికి ఒకరు నీళ్ళు పోసుకుంటున్నాయి. ఊరినుంచి వచ్చినవారు మామిడిపండ్లో, జీడో, కాజాలో తెచ్చిస్తారు. లెక్క అక్కడితో సరి.

ఇప్పుడు ఆ రగడ సంగతి. రెండేళ్ళ క్రితం పై అంతస్తువారి పడకగది కప్పు చెమ్మగిల్లింది. మేడమీది కుండీలన్నీ వానలకు ముందే తీసివేయాలని సంఘం నోటీసు అంటించింది. కోపతాపాలు చాలా నడిచాయి. కప్పు అందరిదీ అని వారు, అందరిదీ కనుకనే మాదీ అని వీరు. చెమ్మ పట్టినది వారి పిల్లలు పడుకునే గది. వారి బాధ అబద్ధమని అనడానికి మాకు నోరు రాలేదు. మా బృందంలో భవన నిర్మాణాల ఇంజనీరు ఒకరున్నారు. ఆయన రెండు పక్షాలనూ కూర్చోబెట్టి లెక్క చెప్పారు. మనుషులు తిరిగే పైకప్పును సాధారణంగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువుకు రూపొందిస్తారు. తడిసిన మట్టి అడుగు లోతున పరిస్తే అదే చదరపు మీటరు మీద ఐదువందల కిలోలు దాటుతుంది. తవెర్నియే చూసిన కమానులు వేరు, మన అయిదంగుళాల స్లాబు వేరు. సిల్పాలిన్ మళ్ళు, డ్రమ్ములో పెంచిన కరివేపచెట్టు, మునగచెట్టు ఉండడానికి వీల్లేదని ఆయన తేల్చారు. మా సొంత పక్షంవాడే అలా అనడం కొందరికి మింగుడుపడలేదు. కానీ అరడుగు లోతుతో బ్రతికే ఆకుమొక్కలు, సగం కొబ్బరిపొట్టు కలిపిన తేలికమట్టిలో, దూలాలు ఉన్న వరుసలో, ఇనుప స్టాండ్ల మీద ఉంటే కప్పుకు హానిలేదన్నారు. నీరు నిలవకుండా స్లాబు కనిపిస్తూ ఉండాలన్నారు. చెమ్మకు కారణం ఒక మడి క్రింద పూడుకుపోయిన నీటి తూము అని ఆ తరువాత బయటపడింది. మునగను కొట్టేశాం. కరివేపను నేల జాగా ఉన్న ఒక ఇంటికి చేర్చాం. దాన్ని పెంచినావిడ నెలకొకసారి వెళ్ళి చూసివస్తుంటుంది. మూలికలు మిగిలాయి.

అవే మిగలడంలో నాకొక చారిత్రక న్యాయం కనిపించింది. తోటకు యజమాని, మాలీలు, నీళ్ళ బావి, వారసులు కావాలి. వారసులు విడిపోతే తోట పోతుంది. ఇరమ్ నుమా గతి అదే. పుదీనా అలా కాదు. దాన్ని ఎవరూ విత్తనం చల్లి పెంచరు. ఒక కాడ విరిచి నాటితే అదే మొక్క మళ్ళీ మొదలవుతుంది. కనుక మా తొట్టిలోని పుదీనా రైతుబజారు కట్టలోనిదే, ఆ కట్ట ఏ శంషాబాదు పొలం నుంచో వచ్చినదే, ఆ పొలంలోని మొక్క మరెవరో ఇచ్చిన కాడే. ఇలా వెనక్కి పోతూ ఉంటే ఈ దేశానికి దాన్ని మొదట తెచ్చిన చెయ్యి దాకా, మధ్యలో ఒక్క విత్తనమైనా లేకుండా, చేతులే ఉండవచ్చు. ఏ దస్తావేజుకూ అంత అఖండమైన గొలుసు ఉండదు. ఫక్రుల్ ముల్క్ సమాధి సనత్‌నగర్ దగ్గరే ఉంది. ఆయన వంటశాలలో దంచిన పుదీనా, మా ఎదురింటివారి పచ్చట్లో పడిన పుదీనా ఒకే కాడ సంతతి అయితే నేనేమీ ఆశ్చర్యపోను.

ఒక చిన్న విడ్డూరం చెప్పడం మరిచాను. ఎర్రగడ్డలో ఉంటూ ఎర్రమట్టిని మేము బస్తా లెక్కన కొనుక్కుంటాం. నగరం చివర నుంచి ఆటోట్రాలీలో వస్తుంది. ఇక్కడి ఎర్రమట్టి సిమెంటు క్రింద క్షేమంగా ఉంది. పోయిన ఏడాది మెట్రో స్తంభాల ప్రక్కన కేబులు కోసం గొయ్యి తవ్వినప్పుడు ఒక గజం లోతున అది బయటపడింది, కుంకుమ రంగులో. మాలో ముగ్గురు బకెట్లతో వెళ్ళి తెచ్చుకున్నారు. కూలీలు నవ్వుకున్నారు గానీ, ఒకతను పార అందుకుని తానే నింపిపెట్టాడు. మహబూబ్‌నగర్ వైపు వాడట. మరునాడు అతనే అడిగి రెండు వామాకు కొమ్మలు పట్టుకువెళ్ళాడు, గుడిసె ముందు డబ్బాలో వేసుకోవడానికి.

ఈ ప్రాంతంలో ఉన్న మిత్రులెవరికైనా కావాలంటే మృగశిర దాటి నాలుగు చినుకులు పడనివ్వండి. ఎండల్లో విరిచిన కొమ్మ పట్టదు. పుదీనా, వామాకు, నిమ్మగడ్డి, తీగబచ్చలి ఇవ్వగలం. గిన్నె మీరు తెచ్చుకోవాలి.